తప్పు తనే చెప్పినవాడికి 2 వేయకండి

ప్రశ్న: పరవాడ ఫార్మాసిటీలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్‌లో అసిస్టెంట్ మేనేజర్‌ని. ఇదే ల్యాబ్‌లో ట్రైనీగా చేరాను, నిరుడు జూన్‌లో ప్రమోషన్ వచ్చింది. నా కింద 11 మంది ఉన్నారు. మొదటిసారి వాళ్లకు వార్షిక అప్రైజల్ చేయాలి. రేటింగ్ 1 నుంచి 5 వరకు. 5 ఒక్కరికే ఇవ్వాలని, కనీసం ఒక్కరికైనా 2 పడాలని హెచ్‌ఆర్ వాళ్లు చెప్పారు. ఒక కుర్రాడి పేరు మీద అందరికంటే ఎక్కువ డీవియేషన్లు (పద్ధతి తప్పినట్టు రికార్డులోకెక్కిన పొరపాట్లు) ఉన్నాయి కాబట్టి ఆ 2 అతనికే వేసేయమని మా మేనేజర్ అంటున్నారు. కానీ అతను పొరపాటు జరిగితే దాచడు, తనే వచ్చి చెప్తాడు. ఒకమ్మాయి మెటర్నిటీ లీవ్‌లో ఉంది. అన్నిటికంటే టెన్షన్ ఏంటంటే, నాకు హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను వేరుచేసి కొలిచే మెషీన్) నేర్పిన సీనియర్ ఇప్పుడు నా టీమ్‌లోనే ఉన్నారు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఆయనకు రావాల్సిన ప్రమోషన్ నాకు వచ్చిందని ఆయన బాధ. అందరి ముందూ నన్ను 'మేడమ్' అని పిలుస్తారు, ఆ పిలుపులో ఎత్తిపొడుపు తెలుస్తూనే ఉంటుంది. ఈ ఏడాది ఆయన పని తగ్గిన మాట నిజం. మార్కులు ఎలా వేయాలి? ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎలా చెప్పాలి?

జవాబు: మీ టెన్షన్ అంతా సీనియర్ గారి గురించే అని తెలుస్తోంది. ఆయన దగ్గరికి వస్తాను. అంతకంటే ముందు ఆ కుర్రాడి సంగతి తేల్చాలి, ఎందుకంటే అక్కడ జరిగే నష్టం ఒక్క మనిషితో ఆగదు.

డీవియేషన్లు ఎక్కువ ఉన్నాయంటే అతను నిజంగానే ఎక్కువ పొరపాట్లు చేస్తూ ఉండొచ్చు. లేదా అందరూ చేసే పొరపాట్లే చేస్తూ, అతనొక్కడే వాటిని రికార్డులోకి ఎక్కిస్తూ ఉండొచ్చు. ఏది నిజమో తేలకుండా మార్కు వేయకూడదు. తేల్చడానికి పెద్ద కష్టమేమీ లేదు, కాగితాలన్నీ మీ ల్యాబ్‌లోనే ఉన్నాయి. అతని డీవియేషన్లు ఒక్కోటీ తీసి చూడండి. ఎవరు పట్టుకున్నారు, అతనే చెప్పాడా, రివ్యూలో బయటపడిందా? శాంపిల్‌ను మెషీన్‌లోకి ఎక్కించే ఇంజెక్షన్‌కు ముందే చెప్పాడా, రిజల్ట్ ఫెయిలయ్యాక గుర్తొచ్చిందా? కారణం రాసి, కాపా (మళ్లీ జరగకుండా తీసుకునే దిద్దుబాటు చర్య) పెట్టి మూసేశాక అదే పొరపాటు మళ్లీ జరిగిందా? అతని పేరు మీద ఉన్నవాటిలో ఎక్కువ భాగం అతనే ముందుగా చెప్పినవై, మళ్లీ జరగనివైతే, ఆ కుర్రాడు మీ ల్యాబ్‌కు బలం. అదే తప్పు మూడోసారి, నాలుగోసారి కనబడుతుంటే మాత్రం అతని మంచితనం చూసి వదిలేయకండి. శిక్షణ లోపమో, అశ్రద్ధో తేల్చి దానికి తగ్గ మార్కు వేయండి.

ఆ పని అతనొక్కడితో ఆపకండి, మిగతా పదిమందివీ చూడండి. మూడు షిఫ్టుల ల్యాబ్‌లో ఏడాది పొడవునా ఒక్క డీవియేషన్ కూడా లేని ఎనలిస్ట్ కనబడితే, మెచ్చుకునే ముందు అతని ఆడిట్ ట్రయల్ (ఎవరు ఎప్పుడు ఏం చేశారో కంప్యూటర్ దాచే రికార్డు) ఒకసారి తెరిపించండి. ఏమీ దొరక్కపోతే మంచిదే, అప్పుడు నిశ్చింతగా మెచ్చుకోవచ్చు.

ఇప్పుడు అతనికి 2 వేశారే అనుకోండి. సాయంత్రానికల్లా క్యాంటీన్‌లో అందరికీ తెలిసిపోతుంది. రేటింగులు రహస్యమని ఫారం మీద రాసి ఉంటుంది గానీ, ఏ ప్లాంట్‌లోనూ అవి రహస్యంగా ఉండగా నేను చూడలేదు. నెల తిరక్కముందే రాత్రి సి-షిఫ్ట్‌లో ఎవరో స్టాండర్డ్ (శాంపిల్‌ను పోల్చి చూసే నమూనా) తూస్తుంటే కాస్త ఒలుకుతుంది. చుట్టూ ఎవరూ ఉండరు. చెప్తే డీవియేషన్, డీవియేషన్ అయితే 2. ఇక ఎవరు చెప్తారు? మెల్లగా రికార్డులో చూపని ట్రయల్ ఇంజెక్షన్లు మొదలవుతాయి, పాసయ్యేదాకా మళ్లీ మళ్లీ నడపడం మొదలవుతుంది, రిజల్ట్ గ్రాఫ్‌లోని పీక్‌ను చేత్తో సర్దడం మొదలవుతుంది. మన దేశంలోని ఫార్మా కంపెనీలకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ యూఎస్‌ఎఫ్‌డీఏ పంపిన వార్నింగ్ లెటర్లు ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. ఫైళ్లు చెరిపేశారు, ఫెయిలైన రిజల్ట్‌ను పక్కనపెట్టి మళ్లీ టెస్ట్ చేశారు అనే మాటలు వాటిలో పదేపదే కనబడతాయి. ఆ పనులు చేసినవాళ్లందరూ దొంగలని నేను అనుకోను. చాలామంది ఎక్కడో ఒక రేటింగ్‌కు భయపడినవాళ్లే అయి ఉంటారు.

అందుకని మీ మేనేజర్‌తో ముందుగానే మాట్లాడండి. 'సార్, పాపం మంచి కుర్రాడు' అని మొదలుపెడితే మీ మాట నిలబడదు. 'సార్, ఇతనికి 2 వేస్తే వచ్చే ఆడిట్ నాటికి డీవియేషన్లు తగ్గుతాయి, కానీ ఎందుకు తగ్గాయో మనం చెప్పలేం' అనండి. క్యూసీలో పాతికేళ్లుగా ఉన్నవారికి ఆ మాట వెంటనే అర్థమవుతుంది. వచ్చే ఏడాది కేఆర్‌ఏలు (మార్కులకు లెక్కేసే పని లక్ష్యాలు) రాసేటప్పుడు 'డీవియేషన్ల సంఖ్య తగ్గించాలి' అనే లైన్ ఉంటే కొట్టేయించండి. దాని బదులు 'ఒకే కారణంతో మళ్లీ జరిగిన డీవియేషన్లు', 'జరిగిన షిఫ్ట్‌లోనే చెప్పినవి' అని పెట్టించండి. శాంపిళ్ల సంఖ్యతోనూ జాగ్రత్త. కార్ల్ ఫిషర్ మెషీన్ మీద నీటి శాతం చూసేవాడికి రోజుకు బోలెడు శాంపిళ్లు అవుతాయి. రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్ (మందులోని మలినాలు) సీక్వెన్స్ ఒక్కటి పెడితే రాత్రంతా నడుస్తుంది. ఇద్దరి లెక్కలూ పక్కపక్కన పెట్టి పోల్చి ఒకరికి 4, ఒకరికి 3 ఇచ్చిన ల్యాబుల్లో, తర్వాత ఎవరూ కష్టమైన మెథడ్ జోలికి పోరు.

ఇక హెచ్‌ఆర్ వాళ్ల లెక్క. ఈ బెల్ కర్వ్ (ఏ మార్కు ఎంతమందికో ముందే పంచేసే పద్ధతి) నాకు మొదటి నుంచీ గిట్టదు. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఒకప్పటి సీఈఓ జాక్ వెల్చ్ 20-70-10 అని పేరు తెచ్చిన పద్ధతి ఇది: పైన 20 శాతం, మధ్యలో 70, కింద 10. వందల మంది ఉన్నచోట ఆ లెక్కకు కొంత అర్థమైనా ఉంటుంది. ఇంటర్వ్యూ చేసి, పరీక్ష పెట్టి, ఏరి తెచ్చుకున్న 11 మందిలో ఒకరు కచ్చితంగా పనికిరానివారై ఉండాలనడం ఏ గణితమూ ఒప్పుకోదు. మైక్రోసాఫ్ట్ 2013లోనే ఇలాంటి పద్ధతిని వదిలేసింది. కానీ ఈ చరిత్ర మీ హెచ్‌ఆర్‌కు చెప్పి లాభం లేదు, వాళ్లకు పైనుంచి ఇంక్రిమెంట్ బడ్జెట్ వచ్చేసి ఉంటుంది. మీరు అడగదగ్గది ఒకటుంది: ఆ 2 లెక్కను మీ 11 మంది మీద కాకుండా మొత్తం క్యూసీ మీదో, క్యూసీ, క్యూఏ (నాణ్యత హామీ విభాగం) రెండూ కలిపో చూడమనండి. గుంపు పెద్దదైతే నిజంగా వెనకబడినవాళ్లు ఎక్కడున్నారో అక్కడే పడుతుంది. చాలా కంపెనీల్లో నార్మలైజేషన్ మీటింగ్ (అన్ని సెక్షన్ల రేటింగులూ పక్కపక్కన పెట్టి సరిచూసేది) పెట్టేది అందుకే. ఆ మీటింగ్‌కు మీరే వెళ్తారో, మీ తరఫున మేనేజర్ వెళ్తారో కనుక్కోండి. ఆయన వెళ్లేటట్టయితే ఒక్కొక్కరి మీద రెండు మూడు వాక్యాలు, తేదీలతో సహా రాసి చేతిలో పెట్టండి. ఆ గదిలో కాగితం ఉన్నవాడి మాటే చెల్లుతుంది. నోరు పెద్దదైన సెక్షన్ హెడ్ తన వాళ్లందరినీ కాపాడుకుంటే, కాగితం లేని సెక్షన్ మీద ఆ 2 పడుతుంది.

ఇంత చేసినా మీ టీమ్‌లో ఒకరికి 2 వేయక తప్పకపోతే, పని చూసి వేయండి. ఎవరైతే గొడవ చేయరో, ఎవరైతే సెలవులో ఉన్నారో, ఎవరైతే కొత్తగా చేరారో వాళ్ల మీదకు నెట్టేయడం అందరూ చేసేదే. మీరు ఆ దారి పట్టకండి.

దాంతోపాటే లీవ్‌లో ఉన్న అమ్మాయి సంగతి. దీనికి ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. 26 వారాల ప్రసూతి సెలవు చట్టం ఇచ్చిన హక్కు. ఆ సెలవు వంకతో ఆమె ఉద్యోగ షరతులను ఆమెకు నష్టం కలిగేలా మార్చకూడదని 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంలోనే ఉండేది, 2025 నవంబర్‌లో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. పనిచేసిన నెలల పనికి రేటింగ్ ఇవ్వండి. లేని నెలలను సున్నాగా లెక్కేయకండి. 'ఈ ఏడాది ఎలాగూ లేదు కదా, 3 ఇచ్చేద్దాం' అనే మాట మీటింగ్‌లో ఎవరో ఒకరు అంటారు, సిద్ధంగా ఉండండి. ఆమె ఉన్నన్నాళ్లూ 4కు తగ్గ పని చేసి ఉంటే 4 అనే రాయండి. ఆమె ఒప్పుకుంటే, ఆమెకు కుదిరే వేళలో ఫోన్‌లో మాట్లాడి చెప్పండి. మెయిల్ పంపి ఊరుకోవద్దు.

రేటింగ్ రాయడానికి కూర్చునేటప్పుడు ముందే అంకె వేయకండి. ఒక్కొక్కరికీ ఒక కాగితం పెట్టుకుని, ఏప్రిల్ నుంచి మార్చి దాకా నెలనెలా గుర్తొచ్చినవి రాయండి. జనవరి, ఫిబ్రవరి నిండుగా ఉండి, మే, జూన్ ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీలు నింపడానికి లాగ్‌బుక్‌లు, షిఫ్ట్ హ్యాండోవర్ రిజిస్టర్, ట్రైనింగ్ రికార్డులు తిరగేయండి. వాళ్లు నింపి పంపిన సెల్ఫ్ అప్రైజల్ ఆ తర్వాత చదవండి. ముందే చదివితే బాగా రాసేవాళ్లు బాగా పనిచేసినట్టు కనబడతారు. మరో చిక్కు కూడా ఉంది. ఇన్‌స్పెక్టర్ల ముందు ఇంగ్లిష్‌లో తడుముకోకుండా మాట్లాడే ఎనలిస్ట్ ఒకరు ప్రతి ల్యాబ్‌లోనూ ఉంటారు. ఆ ఒక్క గుణం చూసి డాక్యుమెంటేషన్‌లో 4, టీమ్‌వర్క్‌లో 4, సేఫ్టీలో 4 పడిపోతూ ఉంటాయి. ఒక గుణం మీద ఉన్న అభిప్రాయం మిగతా అన్నిటికీ అంటుకుంటుందని, సైనికాధికారులకు వాళ్ల పైఅధికారులు వేసిన మార్కులు చూసి థార్న్‌డైక్ అనే సైకాలజిస్ట్ 1920లోనే రాశాడు. దీనికి విరుగుడు సులువు: ఒక మనిషి ఫారం మొత్తం ఒకేసారి నింపకండి. సేఫ్టీ కాలమ్ పదకొండుమందికీ ఒకేసారి, డాక్యుమెంటేషన్ పదకొండుమందికీ ఒకేసారి వేసుకుంటూ వెళ్లండి. ఎవరు ఎవరికంటే మేలో అప్పుడే తెలుస్తుంది.

రిమార్క్స్ పెట్టెలో 'కష్టపడి పనిచేస్తారు, టైమ్ మేనేజ్‌మెంట్ మెరుగుపరుచుకోవాలి' అని రాస్తే అది ఎవరికైనా సరిపోతుంది, అంటే ఎవరికీ పనికిరాదు. ఇలా రాసి చూడండి: 'జూలైలో స్టెబిలిటీ శాంపిళ్లు రెండుసార్లు డ్యూ డేట్ దాటాక అనాలిసిస్‌కు వెళ్లాయి. రెండుసార్లూ ఆలస్యం అవుతుందని ముందుగా చెప్పలేదు. అక్టోబర్‌లో సొంతంగా డ్యూ డేట్ల పట్టిక పెట్టుకున్న తర్వాత ఒక్కటీ దాటలేదు.' ఇందులో తప్పు ఉంది, దిద్దుకున్న తీరు కూడా ఉంది. చదివిన మనిషి కాదనలేడు, నొచ్చుకోడు కూడా.

అందరికీ 3 ఇచ్చేసి గోడ మీద పిల్లిలా ఉందామనే ఆలోచన రాత్రి పడుకోబోయే ముందు వస్తుంది. సగటు మార్కు ఎవరికీ హాని చేయదనుకుంటాం. దేవ్ దత్ అనే ఇంజనీర్ కేసు వింటే అలా అనిపించదు. సరిహద్దు రోడ్ల విభాగంలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ ఆయన. 1993-94 రహస్య నివేదికలో పైఅధికారి 'గుడ్' అని రాశారు. ప్రమోషన్‌కు అయిదేళ్లూ 'వెరీ గుడ్' ఉండాలి. ఆ ఒక్క 'గుడ్'తో ప్రమోషన్ పోయింది, అసలు అలా రాశారన్న సంగతే ఆయనకు ఎవరూ చెప్పలేదు. చివరికి 2008లో సుప్రీంకోర్టు, మంచిదైనా చెడ్డదైనా నివేదికలో రాసిన ప్రతి మాటా ఆ ఉద్యోగికి తెలియజేయాల్సిందేనని తీర్పు చెప్పింది. అది ప్రభుత్వోద్యోగుల కేసు, మీ ప్రైవేట్ కంపెనీని నేరుగా కట్టిపడేయదు. అయినా మీరు రాసింది వాళ్లకు పూర్తిగా చూపించండి. చూపించడానికి ఇబ్బందిగా అనిపించే వాక్యం ఉంటే, దాన్ని మళ్లీ రాయాలని అర్థం.

ఇప్పుడు సీనియర్ గారు. మీకు పని నేర్పారు, ఆ కృతజ్ఞత ఉండాల్సిందే. దాన్ని రేటింగ్‌లో తీర్చుకోకండి. మొహమాటంతో 4 ఇస్తే మిగతా పదిమంది చూస్తున్నారు. అది జాలితో వేసిందని ఆయనకూ తెలుస్తుంది, అది 2 కంటే ఎక్కువ గుచ్చుకుంటుంది. అలాగని 'మేడమ్' అన్న ఎత్తిపొడుపుకు కక్ష తీర్చుకున్నట్టు ఒక్క మార్కు కూడా తగ్గకూడదు. పిలుపుకు ఫారంలో కాలమ్ లేదు.

ఆయనతో మాట్లాడేది అందరికంటే చివర కాదు, అందరికంటే ముందు పెట్టుకోండి. వాయిదా వేసేకొద్దీ మీకే గుబులు పెరుగుతుంది. మీ క్యాబిన్‌లో బల్లకు అటు ఆయన, ఇటు మీరు కూర్చునే ఏర్పాటు వద్దు. చిన్న మీటింగ్ రూమ్ ఏదైనా ఉంటే అక్కడ, పక్కపక్క కుర్చీల్లో కూర్చోండి. బి-షిఫ్ట్ మొదలయ్యే హడావుడిలో పిలవకండి. ఫోన్ బయటే వదిలేయండి. మాట ఇలా మొదలుపెట్టొచ్చు:

'సార్, మీతో ఇలా కూర్చుని మాట్లాడటం నాకూ కొత్తగానే ఉంది. హెచ్‌పీఎల్‌సీ కాలమ్ ఎలా కడగాలో కూడా మీరే నేర్పారు నాకు. ప్రమోషన్ తర్వాత మనం సరిగ్గా మాట్లాడుకోలేదు. మీరు బాధపడ్డారని తెలుసు, అది నేను అడగాల్సింది, అడగలేదు.'

అంతే, అక్కడ ఆగండి. ఆయన ఏదో అంటారు, లేదా ఏమీ అనరు. ఆ మౌనం భరించలేక మీరు మాట్లాడేయకండి. తర్వాత కాగితం తీసి చూపండి: 'ఇదివరకు మీ దగ్గరకు రివ్యూకు వచ్చిన డేటా ఆ రోజే తేలిపోయేది. ఆగస్టు నుంచి రెండు మూడు రోజులు ఆగుతోంది. ఏమైంది సార్?' 'ఎందుకు చేయడం లేదు' అన్న మాటకూ 'ఏమైంది' అన్న మాటకూ చాలా తేడా ఉంది. మొదటిదానికి సంజాయిషీ వస్తుంది, రెండోదానికి కొన్నిసార్లు నిజం వస్తుంది. ఆ నిజం ప్రమోషన్ బాధే కావొచ్చు. అది కాకపోతే ఆ వయసులో నైట్ షిఫ్టులు తట్టుకోలేకపోవడం కావొచ్చు, కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్‌తో తిప్పలు పడుతూ చిన్నవాళ్లను అడగడానికి నామోషీ పడటం కావొచ్చు. మూడింటికీ మందు వేరు, ముందే ఊహించుకుని వెళ్లకండి.

ఆయన కోపంగా 'మీ ఇష్టం మేడమ్, మీ చేతిలో పని కదా' అనొచ్చు. వాదించకండి. 'నా చేతిలో ఉన్నదే మీకు చూపిస్తున్నాను సార్. ఇందులో తప్పుగా రాసింది ఏదైనా ఉంటే చెప్పండి, మార్చే అధికారం ఇప్పటికైతే నాకుంది' అనండి. ఆయన నిజంగా ఒక తప్పు చూపిస్తే అక్కడికక్కడే దిద్దండి. ఒక్కటి మాత్రం అనకండి: 'నేను ఎక్కువే ఇచ్చాను, హెచ్‌ఆర్ వాళ్లు తగ్గించారు.' నార్మలైజేషన్‌లో నిజంగానే తగ్గితే, తగ్గిందని, మీరు ఏ కారణాలతో ఎంత సిఫారసు చేశారో అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మిగతావాళ్ల రేటింగులు ఎత్తకండి. మీరు సంతకం పెట్టిన కాగితం నుంచి మీరే తప్పుకుంటే, రేపు ఆయనకు చెప్పే ఏ మాటకూ విలువ ఉండదు.

ఆయనకు వచ్చే ఏడాది ఏం చేయాలో అడిగి రాయండి. మీరు చెప్పినదాన్ని బట్టి ఆయన గొప్పతనం నేర్పడంలో ఉంది. కొత్త ఎనలిస్టుల క్వాలిఫికేషన్, మెథడ్ ట్రాన్స్‌ఫర్ (ఒక ల్యాబ్ పరీక్ష పద్ధతిని ఇంకో ల్యాబ్‌కు అప్పగించడం) లాంటివి ఆయన పేరు మీద పెట్టండి, కేఆర్‌ఏలోకి ఎక్కించండి. నోటిమాటగా వద్దు, మార్కులు పడే పనిగా ఉండాలి. ఫారం చివర 'శిక్షణ అవసరాలు' అని ఒక పెట్టె ఉంటుంది, అందరూ 'కమ్యూనికేషన్ స్కిల్స్' అని రాసి మూసేస్తారు. ఆ పెట్టె అలా వృథా కావడానికి పెట్టింది కాదు. 1970ల మధ్యలో ఎల్ అండ్ టీ వాళ్లు తమ అప్రైజల్ పద్ధతి చూసి చెప్పమని అహ్మదాబాద్ ఐఐఎం నుంచి ఉదయ్ పరీక్‌నూ, మన తెలుగాయన టి.వి.రావునూ పిలిచారు. అప్రైజల్‌ను శిక్షణ, కౌన్సెలింగ్, కెరీర్ ప్లానింగ్‌తో ముడిపెట్టాలని ఆ ఇద్దరూ సిఫారసు చేశారు. మన దేశంలో హెచ్‌ఆర్‌డీ (మానవ వనరుల అభివృద్ధి) విభాగాలు పుట్టింది అక్కడి నుంచే. మీ సీనియర్ గారికి కొత్త సాఫ్ట్‌వేర్ మీద శిక్షణ కావాలంటే ఆ పెట్టెలోనే రాయండి, చిన్నవాళ్ల పక్కన కూర్చోబెట్టకుండా వెండర్ ట్రైనింగ్‌కే పంపించమని అడగండి.

మిగతావాళ్లతో మాట్లాడేటప్పుడు డబ్బు సంగతి, పని సంగతి ఒకే కూర్చోవడంలో కలపకండి. జనరల్ ఎలక్ట్రిక్‌లోనే జరిగిన ఒక అధ్యయనం 1965లో అచ్చయింది. జీతం తేల్చే సమావేశంలోనే విమర్శ కూడా చేస్తే, మనిషి తనను సమర్థించుకోవడంలోనే ఉంటాడు, పని మాత్రం మెరుగుపడదని అందులో తేలింది. ఇంక్రిమెంట్ లెటర్లు మీ దగ్గర ఎలాగూ ఆలస్యంగానే వస్తాయి కాబట్టి మీ పని సులువే. ముందు పని గురించి మాట్లాడండి. డబ్బు అడిగితే 'లెటర్ వచ్చాక దాని గురించి విడిగా కూర్చుందాం' అనండి, వచ్చాక నిజంగానే కూర్చోండి. రోజుకు ఇద్దరు ముగ్గురికి మించి పెట్టుకోవద్దు. ఆరోవాడి దగ్గరకు వచ్చేసరికి మీరు చెప్పిందే చెప్తుంటారు, అది వాళ్లకు తెలిసిపోతుంది.

మార్చిలో చెప్పేదేదీ వాళ్లు మార్చిలోనే మొదటిసారి వినకూడదు. ఈసారికి అది మీ చేతిలో లేదు, వచ్చే ఏడాదికి ఉంది. జూలైలో ఒకసారి, నవంబర్‌లో ఒకసారి, ఫారం లేకుండా, ఒక్కొక్కరితో పదిహేను నిమిషాలు కూర్చోండి. ఆ తేదీలు ఇప్పుడే షిఫ్ట్ రోస్టర్‌లో వేసేయండి. లేకపోతే ఏదో ఒక ఆడిట్ వచ్చి వాటిని మింగేస్తుంది.

ఈ హడావుడిలో మీ సొంత సెల్ఫ్ అప్రైజల్ ఫారం పక్కన పడిపోయి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మీరు ఎనలిస్ట్, జూన్ నుంచి అసిస్టెంట్ మేనేజర్. ఆ రెండు భాగాలనూ విడిగా రాయండి, రెండింటినీ విడిగా చూడమని మీ మేనేజర్‌ను అడగండి. చివరి తేదీ ఎప్పుడో మెయిల్‌లో ఉంటుంది, ఒకసారి చూసుకోండి.